పెట్టెగారికి కర్నల్ హోదా

మా పెట్టె కర్నల్ అయిన రోజున దానికి మొదటి సెల్యూట్ కొట్టింది మా మేజర్ గారే. కొట్టక ఏం చేస్తారు? ఆయన మేజరు, అది కర్నలు. నా ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో కుర్చీలకు దండాలు పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. పెట్టెకు పెట్టినవాళ్ళను చూడటం మాత్రం అదే మొదలు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వుతారో, తల పట్టుకుంటారో మీ ఇష్టం.

నా పేరు పైల గవరయ్య. పెదగెడ్డపాలెం అనే బెస్తవాళ్ళ ఊరిని ఆనుకుని, ఇసుక దిబ్బ మీద ఉన్న తీర నిఘా కేంద్రంలో సాంకేతిక సహాయకుణ్ణి. సైన్యంలో ఉద్యోగమే గానీ నాకు యూనిఫారం లేదు. అందుచేత తిట్లు తినడానికి సైనికుణ్ణి, తిరిగి మాట్లాడటానికి పౌరుణ్ణి.

కేంద్రం పైన ఇనప చట్రం ఒకటి గిరగిరా తిరుగుతూ సముద్రం మీద నలభై మైళ్ళ దాకా చూస్తుంది. అది చూసినదాన్ని అర్థం చేసుకునే బుర్ర మాత్రం కింద రేకుల గదిలో ఉంటుంది. పాత బుర్ర ఇనప బీరువా అంత ఉండేది. ఎండకూ వానకూ చలించేది కాదు. అయితే ఓడకూ మేఘానికీ తేడా దానికి తెలిసేది కాదు. దాన్ని తీసేసి కిందటి డిసెంబరులో కొత్తది బిగించారు. టీవీ పెట్టెకు కాస్త పెద్దది. దానికి మేం పెట్టిన పేరు కూడా పెట్టే. వచ్చిన వారంలోనే ముప్పై మైళ్ళ అవతల ఉన్న తెప్పను, అందులో వల ఎత్తుతున్న ఊపును కూడా చూపించింది. మేమంతా చప్పట్లు కొట్టాం.

పెట్టెతో పాటు ఒక పుస్తకం వచ్చింది. గదిలో వేడి ముప్పై అయిదు డిగ్రీలు దాటితే ఈ యంత్రం పనిచేయదని అందులో మొదటి పేజీలోనే ఎర్ర అక్షరాలతో ఉంది. చలికాలం కాబట్టి ఎవరూ చదవలేదు. మార్చిలో రేకుల గది నలభై దాటింది. పెట్టె మూడుసార్లు కుయ్యిమని తెర నల్లగా చేసుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవడానికి సాయంత్రం నాలుగయింది. మర్నాడూ అంతే. ఆపై రోజూ అంతే. పన్నెండు నుంచి నాలుగు దాకా మన తీరం గుడ్డిది.

దీనితో మాకంటే ఎక్కువ పని ఉన్నది పాలెం వాళ్ళకు. గాలీ వానా ముంచుకొచ్చినప్పుడు వాళ్ళ బోట్లు ఎక్కడున్నాయో చూసి, వైర్‌లెస్‌లో దారి చెప్పేది మేమే. అది మా అధికారిక విధి కాదు. కానీ ఎదురుగా మునుగుతున్నవాణ్ణి చూస్తూ నా విధి కాదని కూర్చునే మనిషి మా మేజర్ ఓబులపతి గారు కాదు. ఆయనది కడప వైపు. సముద్రమంటే భయం, మనుషులంటే ప్రేమ, నియమావళి అంటే రెంటికంటే ఎక్కువ భక్తి.

"రాయప్పా గవరయ్యా, పై ఆఫీసుకు రాయి. ఏసీ ఒకటి కావాలని రాయి," అన్నారు.

రాశాను. పై ఆఫీసులో ఇలాంటివి చూసేది సైనిక సౌఖ్య నిర్వహణ విభాగం. మూడు వారాలకు జవాబు వచ్చింది.

"సదరు శీతల యంత్రమును కోరుచున్న అధికారి యొక్క హోదా తెలుపగలరు."

కోరుతున్నది అధికారి కాదు, యంత్రం, దానికి హోదా ఉండదు అని వివరంగా రాశాను. జవాబు వారంలోనే వచ్చింది. అంత త్వరగా వచ్చిందంటేనే నాకు అనుమానం వేసింది.

"శీతలీకరణ అర్హతల నియమావళి ప్రకారం కర్నల్, ఆపై హోదా గల వారికి ఏసీ, మేజర్ మరియు అంతకు తక్కువ అధికారులకు ఫ్యాను, ఏ హోదా లేని వారికి కిటికీ వర్తించును. తదనుగుణముగా సదరు యంత్రమునకు ఒక కిటికీ మంజూరు చేయడమైనది."

ఏప్రిల్‌లో మనుషులు వచ్చి పడమటి గోడ పగలగొట్టి కిటికీ పెట్టారు. సముద్రం తూర్పున ఉంది, గాలి తూర్పు నుంచి వస్తుంది, పడమట పెడితే మధ్యాహ్నం ఎండ సరాసరి పెట్టె మీద పడుతుందని మొత్తుకున్నాను. వాళ్ళు నమూనా పటం చూపించారు. అది ఎక్కడో మంచు కొండల్లోని కేంద్రం కోసం గీసింది. అక్కడ గదిలోకి ఎండ రావడమే సౌఖ్యమట. నలభై ఒకటి ఉండే గది కిటికీ పుణ్యమా అని నలభై నాలుగయింది.

సొంతంగా ఒక ఏసీ కొని తెచ్చి పెడదామన్నాను. అనుమతి లేని విద్యుత్ వస్తువును కేంద్రంలోకి తెస్తే కోర్టు మార్షలేనని మేజర్ గారు భయపెట్టారు. తన గదిలోనే టేబుల్ ఫ్యాను ముందు చెమటలు కక్కుతూ కూర్చున్న మనిషి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు?

ఉత్తరాల మీద ఉత్తరాలు రాయగా మే నెలలో పై ఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టర్ చెరుకుపల్లి వామనరావు గారు తనిఖీకి వచ్చారు. ఏసీ కారు దిగి, రేకుల గది గుమ్మం దాకా నడిచి, లోపలికి తల పెట్టి, వెంటనే వెనక్కు తీసుకున్నారు.

"అంశం పరిశీలనార్హమే," అన్నారు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. "యంత్రము తాపపీడితమై ఉన్నదన్న విషయంలో విభాగమునకు భిన్నాభిప్రాయం లేదు. అయితే నియమావళిలో యంత్రము అనే పదము లేదు. అధికారి అనే పదము ఉన్నది."

"నియమావళి మార్చకూడదా సార్?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. "నియమావళిని మార్చుటకు పదకొండు సంఘములు సమావేశం కావలెను. అంతకన్నా యంత్రమును మార్చుట సులభము."

నేను గతుక్కుమన్నాను. మార్చడమంటే తీసుకుపోవడమేమో అనుకున్నాను. ఆయన ఉద్దేశం అది కాదు. బ్యాగులోంచి పాత ఫైలు ఒకటి తీశారు. పూర్వం ఎప్పుడో కొండల మీద సామాన్లు మోసిన ఒక కంచరగాడిదకు సైన్యం నంబరు, రేషను, చివరకు పింఛను కూడా ఇచ్చినట్టు అందులో ఉంది.

"పూర్వాచారం ఉన్నది. గాడిదకు ఉండగా పెట్టెకు ఎందుకు ఉండరాదు?" అన్నారు వామనరావు గారు.

మేజర్ గారు పెట్టెకు ఏ హోదా ఇస్తారని అడిగారు.

"అది శాస్త్రీయముగా తేల్చవలసిన విషయం. ఈ పెట్టె చూచునంత తీరమును మనుషులు చూడవలెనన్న ఎందరు కావాలి?"

నేను లెక్క కట్టి ఏడు వందల మంది కాపలావాళ్ళు కావాలన్నాను.

"ఏడు వందల మంది అనగా ఒక పటాలము. పటాలమునకు నాయకత్వం వహించునది కర్నల్. కావున ఇది కర్నల్," అని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు.

మేజర్ గారి ముఖం చూడలేకపోయాను. ఆయన సర్వీసు పద్దెనిమిదేళ్ళు. పెట్టె సర్వీసు అయిదు నెలలు.

అలా జూన్ ఒకటిన, మేజర్ గారు కాగితాల మీద సంతకం చేయగా, మా పెట్టె కర్నల్ అయింది. భుజాలు లేవు కాబట్టి నక్షత్రాలు, సింహం బొమ్మ మూత మీద అతికించాం. గుమ్మానికి పేరు పలక తగిలించాం. మరుసటి రోజే ఏసీ వచ్చింది. బిగించి మీట నొక్కగానే చల్లగాలి గుప్పుమంటే నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. పెట్టె ఆ పూట కన్ను మూయలేదు. ఒంటిగంట దాకా.

ఒంటిగంటకు జవాను వచ్చి ఏసీ ఆపేశాడు. అధికారుల ఏసీ పని వేళల్లోనే నడవాలి, ఒకటి నుంచి రెండు దాకా భోజన విరామం. పెట్టె భోజనం చేయదు కదా అన్నాను. చేసినా చేయకపోయినా విరామం విరామమేనన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

అసలు చిక్కు వేరే ఉంది. కేంద్రంలో ఇప్పుడు అందరికన్నా పెద్ద హోదా పెట్టెది. అంటే కేంద్రం అధిపతి అదే. మేజర్ గారు రోజూ పొద్దున్నే రేకుల గదికి వెళ్ళి, సెల్యూట్ కొట్టి, ఫైళ్ళు ముందు పెట్టి ఆమోదం కోరేవారు. పెట్టె ఏమీ అనేది కాదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. అర్ధమంటే సగమే కాబట్టి, నియమభక్తి గల మా మేజర్ గారు ప్రతి ఫైలునూ రెండుసార్లు పెట్టి, రెండు సగాలు కలిపి, "కర్నల్ గారు ఆమోదించిరి" అని రాసుకునేవారు. కర్నల్ గారి కోసం పదకొండు గంటలకు కప్పు టీ వచ్చేది. అది చల్లారిపోకుండా చూసే బాధ్యత నేనే తీసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఇంత మంచి పై అధికారి నాకు ముప్పై ఒక్క ఏళ్ళలో దొరకలేదు. అరవడు, అడ్డు చెప్పడు, సెలవు రెండోసారి అడగ్గానే ఇచ్చేస్తాడు.

పాలెంలో ఈ కబురు పాకింది. రోజూ మధ్యాహ్నం మా మెస్సుకు చేపలు తెచ్చే మైలపల్లి పోలమ్మ రేకుల గది గుమ్మంలో నిలబడి పేరు పలక కేసి చూసింది. పోలమ్మకు యాభై ఏళ్ళుంటాయి. ఆమె తల మీద ఎప్పుడూ రెండు అంతస్తులు. కింద చేపల గంప, పైన ఊకలో పొదిగి గోనెలో చుట్టిన ఐసు గడ్డ.

"ఏటి గవరయ్య బాబూ, పెట్టికి ఉజ్జోగం పెద్దదయిపోనాదట?"

"అవును పోలమ్మా. కర్నలు."

"మంచిదే. పెద్దోడయిపోనాక మావోళ్ళని సూడ్డం మానేత్తాడేటి?"

"మానడు. ఇప్పుడు ఇంకా బాగా చూస్తాడు."

ఆ మాట అన్నందుకు నేను తరవాత చాలా బాధపడ్డాను.

జూన్ మధ్యలో ఇంజను బోట్ల మీద ఏటా ఉండే వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ నీళ్ళలో దిగాయి. ఆ ఏడు రోహిణి కార్తె పోయినా ఎండ పోలేదు. సరిగ్గా అప్పుడే అధికారుల వార్షిక ఆరోగ్య పరీక్షలు వచ్చిపడ్డాయి. పరీక్ష చేయని అధికారి పేరు పై ఆఫీసుకు పంపాలి. అందుచేత మిలటరీ డాక్టరు కెప్టెన్ రత్నం గారు వచ్చారు. ఆయన వచ్చింది ఒంటిగంటన్నరకు. ఏసీ భోజన విరామంలో ఉంది.

డాక్టరు గారు పెట్టె వీపు మీద థర్మామీటరు పెట్టి ఉలిక్కిపడ్డారు.

"నూట ఆరు జ్వరం!"

"అది జ్వరం కాదు సార్, ఏసీ ఆపారు, అందుకని..."

"రోగి తరఫున మీరు మాట్లాడకండి. నాడి?" ఆయన మిణుకుమిణుకుమంటున్న ఆకుపచ్చ దీపం చూస్తూ గడియారం పట్టుకున్నారు. "నిమిషానికి మూడు వందలు. ఈ మనిషి బతికి ఉండటమే ఆశ్చర్యం. వయసు?"

"ఆరు నెలలు సార్."

"ఆరు నెలలకే కర్నలా? ఒత్తిడి ఉండక ఏమవుతుంది!"

పది రోజులు పూర్తి విశ్రాంతి, కళ్ళకు ఏ విధమైన శ్రమా ఇవ్వరాదు అని రాసి సంతకం చేశారు. వైద్య సెలవు మీద ఉన్న అధికారిని పనిలో పెట్టడం నేరం. పెట్టెను ఆపేశారు. సెలవులో ఉన్న అధికారికి సౌఖ్యాలు వర్తించవు కాబట్టి ఏసీ మీటకు గుడ్డ చుట్టి లక్క సీలు వేశారు. నేను పై ఆఫీసుకు ఫోన్ చేసి గోల పెట్టాను. కర్నల్ గారు త్వరగా కోలుకోవాలని విభాగం తరఫున ఆకాంక్షలు తెలియజేశారు.

అయిదో రోజు మధ్యాహ్నం వాయవ్యం మూల నల్లబడింది. ఒంటిగంటన్నరకల్లా ఈదురుగాలి లేచింది. ఒడ్డున ఇసుక లేచి పాలెం కనబడకుండా పోయింది. గాలి నేల మీంచి సముద్రంలోకి కొడుతోంది. అలాంటి గాలిలో చిన్న బోట్లు ఒడ్డుకు రావడం మాట అటుంచి, ఒడ్డు ఎటుందో కూడా తెలియదు. దిక్కు చూపే సాధనం పాలెం మొత్తానికి ఒక్క ఎర్రయ్య బోటులోనే ఉండేది. అది కిందటి నెలలో చెడింది.

వైర్‌లెస్‌లో ఎర్రయ్య గొంతు వచ్చింది. ఆయన పోలమ్మ పెనిమిటి.

"గవరయ్య బాబూ, ఏడు బోట్లున్నాం. ఏటీ అవుపడ్డం నేదు. ఎటెల్లమంటావు?"

నేను నల్లటి తెర కేసి చూశాను. ఏడు బోట్లు, ఒక్కో దాంట్లో నలుగురు. వాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. కాసేపు ఆగండి అన్నాను. మేజర్ గారి దగ్గరకు పరుగెత్తాను.

"సార్, పెట్టెను లేపాలి!"

ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నారు. "కర్నల్‌ను సెలవు నుంచి వెనక్కి పిలవాలంటే ఆయన పై అధికారి పిలవాలప్పా. బ్రిగేడియర్. ఫోన్ చేసినా. భోజనానికి పోయినాడంట. నేను మేజర్‌ను. నేనెట్ల ఆర్డరిచ్చేది?"

"సార్, అది పెట్టె!"

"నాకు తెల్దా అది పెట్టెని?" అని అరిచారు. ఆయన అరవడం నేను అంతకుముందు వినలేదు. "నా సంతకంతోనే కదా అది కర్నల్ అయింది. ఇప్పుడు కాదంటే నేను మూడు వారాలుగా దేనికి సెల్యూట్ కొట్టినట్ల?"

అప్పుడు గుమ్మంలో పోలమ్మ. నెత్తి మీద గంప లేదు. ఐసు గోనె ఒక్కటే చంకలో ఉంది. గాలికి జుట్టు చెదిరిపోయింది. మా మాటలు విన్నట్టుంది.

"ఆరడర్లు మీ మీ మద్దిని బాబూ. నానేటి పటాలంలో ఉన్నానా? నానెల్లి ఆ బాబుని అడుగుతాను."

ఆమె మా జవాబు కోసం ఆగలేదు. రేకుల గదిలోకి వెళ్ళి పెట్టె ముందు నిలబడింది. మేమిద్దరం వెనకే వెళ్ళాం.

"కర్నలు బాబూ, నీకు జొరమని సెప్పినారు. మా ముసిలోడూ ఇంకో ఇరవయ్యేడుగురూ గాల్లో సిక్కుకున్నారు. ఒక్కసారి లెగిసి సూస్తావా?"

పెట్టె ఏమీ అనలేదు. నేను మేజర్ గారి కేసి చూశాను. ఆయన పెట్టె కేసి చూస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క చూసుకుంటున్నట్టున్నారు.

"సగమైంది," అన్నారు నెమ్మదిగా. "ఇంగొకసారి అడుగమ్మా."

"ఏటి బాబూ?"

"ఇంగొక్కసారి అడుగు!"

పోలమ్మ మళ్ళీ అడిగింది. పెట్టె మళ్ళీ ఏమీ అనలేదు.

"కర్నల్ గారు ఒప్పుకున్న్యారు," అన్నారు మేజర్ గారు. సెల్యూట్ కొట్టి, తన చేత్తోనే మీట నొక్కారు.

తెర వెలిగింది. వెలిగీ వెలగకముందే మొదటి కుయ్యి. గదిలో నలభై రెండు డిగ్రీలు. ఏసీ మీద లక్క సీలుంది. సీలు పగలగొట్టే ధైర్యం కర్నల్ గారి మౌనం కూడా మాకివ్వలేకపోయింది, ఎందుకంటే ఆ సీలు పై ఆఫీసుది. పోలమ్మ ఇదంతా వినిపించుకోలేదు. గోనె విప్పి, ఊక దులిపి, గడ్డను గుమ్మం రాతికేసి కొట్టి ముక్కలు చేసింది.

"జొరానికి ఐసు కాకపోతే ఏటెడతారు?"

మెస్సు నుంచి రెండు పెద్ద గిన్నెలు తెచ్చాను. పెట్టె గాలి పీల్చుకునే జాలీ ముందు ఐసు నింపి, మేజర్ గారి గదిలోని టేబుల్ ఫ్యాను తెచ్చి ఆ గిన్నెల వెనక పెట్టాం. కిటికీకి ఆమె గోనె కట్టేసింది. గోనె కట్టాక గానీ ఆ కిటికీ వల్ల మాకు మేలు జరగలేదు. గదంతా చేపల వాసన. రెండో కుయ్యి వచ్చింది. మూడోది వస్తే అయిపోయినట్టే. మేజర్ గారు ఫ్యానును ఇంకాస్త ముందుకు జరిపారు. మూడోది రాలేదు.

తెర మీద చుక్కలు తేలాయి. ఒకటి, రెండు, నాలుగు, ఆరు. అన్నీ మేమనుకున్నదానికంటే తొమ్మిది మైళ్ళు దూరంగా, సముద్రంలోకి కొట్టుకుపోతున్నాయి.

"ఏడోది?" అంది పోలమ్మ. ఆమెకు తెర మీది గీతలు తెలియవు. లెక్క తెలుసు.

వెతికాను. మేజర్ గారు గిన్నెలో ఇంకో గుప్పెడు ఐసు వేశారు. చట్రం ఇంకో చుట్టు తిరిగింది. అప్పుడు ఎర్రయ్య బోటు పక్కనే, దాన్ని అంటుకున్నట్టు, ఏడో చుక్క. ఇంజను ఆగిన బోటును ఎర్రయ్య తాడు కట్టి లాగుతున్నాడు.

"ఎర్రయ్యా, కుడిపక్కకి తిప్పు. ఇంకా. ఇంకొంచెం. అదిగో అలాగే ఉంచు. అందరినీ నీ వెనకాల రమ్మను."

రెండు గంటలకు పైగా అలా చెబుతూనే ఉన్నాను. ఐసు అయిపోతుంటే పోలమ్మ గాలిలో పడి రేవుకు పోయి ఇంకో గడ్డ తెచ్చింది. నాలుగున్నరకు ఏడు బోట్లూ గెడ్డ సముద్రంలో కలిసే మొగలోకి వచ్చాయి. ఆ మాట వినగానే పోలమ్మ కింద కూలబడి ఏడ్చింది. మేజర్ గారు ముఖం అటు తిప్పుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి?

వారం తిరక్కముందే వామనరావు గారు విచారణకు వచ్చారు. ఫిర్యాదు ఎవరూ చేయలేదు. సెలవు ముగియకముందే కర్నల్ గారు పనిచేసినట్టు మేజర్ గారే ఉన్నది ఉన్నట్టు నివేదిక రాసి పంపారు. రాయొద్దని నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నిజం దాస్తే నియమావళికి ద్రోహమన్నారు.

వామనరావు గారు పెట్టెకు ఎదురుగా కుర్చీ వేయించుకుని ఆరోపణలు చదివారు.

"ఒక పౌరురాలు పిలువగా వైద్యుని అనుమతి లేక సెలవు నుండి వచ్చి విధులలో చేరుట ఒకటి. సదరు పౌరురాలి వద్ద నుండి ఐసు అను విలువగల వస్తువును స్వీకరించుట రెండు. ప్రభుత్వము మంజూరు చేసిన కిటికీని గోనెతో కప్పించి అవమానించుట మూడు. మీ సంజాయిషీ ఏమి?"

పెట్టె ఏమీ అనలేదు.

వామనరావు గారు అనుభవజ్ఞులు. రెండోసారి కూడా అడిగారు. తరవాత తృప్తిగా రాసుకున్నారు. "నేరము పూర్తిగా అంగీకరించిరి."

"ఇరవై ఎనిమిది మంది బతికారు సార్," అన్నాను.

"అది ఆరోపణలలో లేదు," అన్నారాయన.

కర్నల్‌ను మేజర్‌గా తగ్గించారు. మేజర్‌కు ఏసీ వర్తించదు కాబట్టి ఊడదీసి తీసుకుపోయారు. ఒక ఫ్యాను ఇచ్చారు. మూత మీది నక్షత్రాలు పీకేటప్పుడు మా మేజర్ ఓబులపతి గారు అటెన్షన్‌లో నిలబడ్డారు. సమాన హోదా వాళ్ళకు సెల్యూట్ కొట్టనక్కర్లేదు. అయినా ఆ రోజు కొట్టారు.

మర్నాడు పన్నెండు గంటలకు పోలమ్మ ఐసు గోనెతో గేటు దగ్గరకు వచ్చింది. గేటు పుస్తకంలో రావడానికి కారణం రాయాలి. "అనారోగ్యముతో ఉన్న అధికారిని పరామర్శించుట" అని రాశాను. డాక్టరు గారు జ్వరమని రాసి సెలవిచ్చారే గానీ తగ్గిందని ఎక్కడా రాయలేదు. రోగిని చూడవచ్చేవారు పండ్లు గానీ తత్సమానమైనవి గానీ తేవచ్చని నియమావళిలోనే ఉంది. ఐసు తత్సమానమా కాదా అని మేజర్ గారు పుస్తకం అంతా వెతికారు. కాదని ఎక్కడా లేదు.

అప్పటి నుంచి పాలెంలో ఒక పద్ధతి వచ్చింది. రేవులో ఐసు దిగగానే మొదటి గడ్డ పెట్టెకు తీసిపెట్టి, మిగతాది చేపలకు వాడతారు. ఎవరి వంతు వచ్చినా మోసేది మాత్రం పోలమ్మే.

"కర్నలయితేనేటి, మేజరయితేనేటి? మావోళ్ళని సూసినోడు మావోడే," అంటుంది.

ఇప్పుడు పెట్టె మధ్యాహ్నాలు కన్ను మూయడం లేదు. వేడి ముప్పై మూడు దాటడం లేదు. నెలనెలా ఆ లెక్క పై ఆఫీసుకు పంపుతాం. దాని ఫలితంగా కిందటి వారం మాకొక ప్రశంసాపత్రం వచ్చింది.

"మీ కేంద్రమున తాపము నియంత్రణలోనికి వచ్చుట విభాగమునకు ఆనందదాయకము. ఏసీ తొలగించిన పిమ్మట ఈ మార్పు సంభవించుటను బట్టి, ఇది పూర్తిగా పడమటి కిటికీ వలననేనని నిర్ధారణ అయినది. ఈ పథకమును తీరము పొడవునా గల మిగిలిన పదకొండు కేంద్రములకును విస్తరించి, అచ్చట ఇటీవల కర్నల్ హోదా పొందిన యంత్రముల ఏసీలు తొలగించి, కిటికీలు అమర్చుటకు ఉత్తర్వులు జారీ చేయడమైనది."

ఉత్తరం చదివి వినిపించేసరికి పోలమ్మ గిన్నెలో ఐసు సర్దుతోంది. చెయ్యి ఆగింది.

"మరా ఊళ్ళల్ల ఐసు ఎవులు మోస్తారు బాబూ?"

నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టి, కింద ఆమె పేరు రాసి, పై ఆఫీసుకు పంపాను. జవాబు తిరుగు టపాలో వచ్చింది.

"సదరు ప్రశ్నను అడిగిన వ్యక్తి యొక్క హోదా తెలుపగలరు."

నేను ఆ కాగితం చింపబోయాను. మేజర్ గారు నా చేతిలోంచి లాక్కున్నారు. చాలాసేపు చదివారు. ఎప్పుడూ ఏ కాగితం రాయాలన్నా రెండుసార్లు పెట్టె ముందు పెట్టే మనిషి, ఈసారి రేకుల గది వైపు వెళ్ళలేదు. కలం తీసి తన దస్తూరీతోనే జవాబు రాశారు.

"కర్నల్ హోదా గల అధికారిని సెలవు నుండి వెనుకకు పిలుచు అధికారము నియమావళి ప్రకారము బ్రిగేడియర్‌కు, ఆపై వారికి మాత్రమే కలదు. శ్రీమతి మైలపల్లి పోలమ్మ గారు కర్నల్‌ను సెలవు నుండి పిలిచిరి. కర్నల్ గారు వచ్చిరి. సదరు విషయము మీ విచారణలోనే రుజువైనది. కావున ఆమె హోదా బ్రిగేడియర్‌కు తక్కువ కాదు. పై ప్రశ్నకు వెంటనే జవాబు ఇవ్వవలసినది. ఆమె విధి నిర్వహించు స్థలమైన రేకుల గదికి ఒక ఏసీ పంపవలసినది."

సంతకం చేసి, టపాలో వేయించారు. ఇంకా జవాబు రాలేదు. పోలమ్మ ఈ మధ్యాహ్నం కూడా ఐసు తెచ్చింది. ఆమె గేటు దాటుతుంటే మేజర్ గారు లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు.